తనంత తాను నడచు బండి

పసుపు బండ్లు ఎద్దులతో నడచిన కాలమున మా ధర్పల్లి ప్రాంతపు పెద్దలకు ఒక అనుభవము ఉండెడిది. పసుపు వండి, ఎండబెట్టి, కొమ్ములను బస్తాలకెత్తి నిజామాబాదు మార్కెట్టుకు తోలుకొని పోవుదురు. బేరము కుదిరి, తూకము ముగిసి, డబ్బు చేతికి వచ్చుసరికి ప్రొద్దు గుంకెడిది. తిరుగు ప్రయాణములో బండివాడు ఖాళీ గోనెల మీద ఒరిగి నిద్రపోయెడివాడు. ఎద్దులు మాత్రము నిద్రపోవు. ఎరిగిన మలుపులో మళ్లి, ఎరిగిన వాగు దగ్గర నిదానించి, తెల్లవారుజామునకు బండిని ఇంటి ముంగిట నిలిపెడివి. బండివాడు కన్ను తెరచి చూచుసరికి ఇల్లు వచ్చి ఉండెడిది.

నేడు ప్రపంచములోని పెద్ద కంపెనీలు అపారమైన ధనమును వెచ్చించి సాధింపదలచినది ఇంచుమించు ఇదే. మనిషి వెనుక సీటులో కూర్చుండి పత్రిక చదువుకొనవచ్చును, లేదా కునుకు తీయవచ్చును. కారు తనంత తాను దారి చూచుకొని, తనంత తాను ఆగి, తనంత తాను గమ్యము చేర్చును. ఇట్టి కారును తయారు చేయుటకు సాంకేతిక కంపెనీలు కూడ పూనుకొన్నవి. గూగుల్ కంపెనీ 2009లో ఈ పని ప్రారంభించినది; 2016లో దానిని వేమో అను ప్రత్యేక సంస్థగా ఏర్పరచినది; 2020లో అమెరికాలోని ఫీనిక్స్ నగర ప్రాంతమున డ్రైవరు లేని కారులో సామాన్య ప్రజలను ఎక్కించుకొన్నది. ఆపిల్ కంపెనీ 2014 ప్రాంతమున ఇదే పనికి దిగి, పది సంవత్సరములు ప్రయాసపడి, 2024లో విరమించుకొన్నది. కంప్యూటర్లను, టెలిఫోనులను చేయు వారికి కార్లతో ఏమి పని? వారు ఈ పని చేయవచ్చునా, చేయదగునా? ఈ ప్రశ్నను మా గ్రామపు రోడ్డు మీద నిలుచుండి విచారింపవలెనని మా ఉద్దేశము.

ముందుగా ఆ కారు ఎట్లు నడచునో తెలిసికొందము. దానికి కన్నులు కెమెరాలు. చీకటిలోను, పొగమంచులోను ఎదుటి వస్తువుల దూరమును, వేగమును కనిపెట్టుటకు రాడారు ఉండును. లైడారు అను మరియొక పరికరము కాంతి కిరణములను నలుదిక్కులకు వెదజల్లి, అవి తాకి తిరిగివచ్చు కాలమును బట్టి చుట్టునున్న వస్తువుల రూపమును, దూరమును కొలుచును. ఈ సమాచారమంతయు లోపలి కంప్యూటరునకు చేరును. అది క్షణక్షణమును మూడు ప్రశ్నలకు జవాబు వెదకుచుండును. ఎదుట ఉన్నది ఏమి? అది ఎటు కదలబోవుచున్నది? నేనేమి చేయవలెను? ఈ మూడింటిలో నడిమిదే కఠినమైనది. రోడ్డు దాటుచున్న ఒక బర్రెను చూచినంతనే మన పల్లె డ్రైవరు ఆగును. దాని వెనుక మరి నాలుగు వచ్చునని అతనికి తెలియును. యంత్రమునకు అది ఎవరో నేర్పవలసి ఉన్నది. కనుకనే ఈ కారులో ప్రధానమైనది ఇంజను గాక లెక్క. సాంకేతిక కంపెనీలు ముందునకు వచ్చుటకు ఇదియే కారణము.

ఇది అంతయు ఎక్కడనో దూరదేశమున జరిగిన విషయమని శ్రోతలు తలపనక్కరలేదు. దీని చరిత్రలో తెలుగువారికి భాగము ఉన్నది. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1979లో స్థాపింపబడిన రోబోటిక్స్ సంస్థకు మొదటి సంచాలకులు. కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానము 1994లో వారికి లభించినది. ఆ సంస్థవారే 1980ల నడుమ నావ్‌ల్యాబ్ అను పేర తనంత తాను నడచు వాహనములను నిర్మింప మొదలిడిరి. 1995లో వారి వాహనమొకటి పిట్స్‌బర్గ్ నుండి శాన్ డియాగో వరకు సుమారు 4,500 కిలోమీటర్లు పోయినది. అందులో నూటికి 98 పాళ్లు చుక్కానిచక్రమును యంత్రమే త్రిప్పినది. బ్రేకును, వేగమును మాత్రము మనుషులే చూచుకొనిరి.

ఇక మన హైదరాబాదు సంగతి. అచ్చటి ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు ఇతర సంస్థల సహకారముతో 2018లో మన దేశపు రోడ్ల చిత్రసంపుటి ఒకటి ప్రకటించిరి. కారుకు కెమెరా అమర్చి, హైదరాబాదు, బెంగుళూరు నగరములలోను, వాటి శివారు దారులలోను తిరిగి, పదివేల చిత్రములను ఎన్నుకొని, ప్రతి చిత్రములోను ఇది రోడ్డు, ఇది ఆటోరిక్షా, ఇది పశువు, ఇది మనిషి అని 34 తరగతులుగా గుర్తులు పెట్టిరి. పాశ్చాత్య దేశముల చిత్రములతో చదువుకొన్న యంత్రమునకు ఆటోరిక్షా అనగా ఏమో తెలియదు. రోడ్డు ప్రక్క మట్టి నేలపై కూడ బండ్లు పోవునని తెలియదు. ఈ లోపమును పూరించుటకే వారు శ్రమపడిరి. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. వారు టిహాన్ అను పేర స్వయంచోదక వాహనముల పరిశోధన కేంద్రమును నడుపుచున్నారు. వారి పరీక్షాస్థలము 2022 జూలైలో ప్రారంభమైనది. 2025లో ఆ ప్రాంగణములోనే డ్రైవరు లేని విద్యుత్తు బస్సులు విద్యార్థులను, ఉపాధ్యాయులను ఎక్కించుకొని నడచినవి. కావున ఈ కారు మన ఇంటి గడపకు రాలేదు గాని వీధి మొదటికి వచ్చినది.

ఇట్టి కారు కావలెననువారి వాదము బలహీనమైనది కాదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణా శాఖవారి లెక్క. అనగా గంటకు 19 మంది. మన మీ ప్రసంగమును విని ముగించులోపల ఎన్ని ఇండ్లలో దీపములు ఆరునో శ్రోతలే లెక్కింపవచ్చును. మృతులలో నూటికి 44 మంది మోటారుసైకిలు వంటి ద్విచక్ర వాహనముల మీద పోవువారు. 19 మంది కాలినడకన పోవువారు. నూటికి 71 మరణములకు మితిమీరిన వేగము కారణముగా చూపబడినది. వేగమును, నిద్రను, మద్యమును, టెలిఫోను మాటలను మనిషి మానలేకున్నాడు. యంత్రము త్రాగదు, నిద్రపోదు, పందెమునకు పోదు. మనిషి తప్పు వలన పోవు ప్రాణములలో సగమైనను నిలుపగల సాధనమును చేయగలవారు, అది మా వ్యాపారము కాదని చేతులు కట్టుకొని కూర్చుండుట న్యాయమా? ఈ ప్రశ్నకు, కాదనియే మా జవాబు. చేయగలవారు చేయవలసినదే.

కాని చేయుట వేరు, రోడ్డు మీదకు తెచ్చుట వేరు. ఇచ్చట మా ప్రాంతపు రోడ్డును శ్రోతలు ఒకమారు తలచుకొనవలెను. ధర్పల్లి నుండి నిజామాబాదు పోవువారు 44వ నంబరు జాతీయ రహదారిని దాటవలసినదే. ఆ రహదారి మీద గీతలు ఉన్నవి, పలకలు ఉన్నవి, నడుమ విభాగిని ఉన్నది. అది దాటి పల్లె దారి పట్టినంతనే పుస్తకము మారిపోవును. కోతల కాలమున సగము రోడ్డు మీద వడ్లు, మక్కలు ఎండబోసి ఉండును. రాసి చుట్టు బండరాళ్లు పేర్చి ఉండును. రాత్రి అయినచో నల్లని టార్పాలిన్ కప్పి ఉండును. వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ ముందు పోవుచుండును. బతుకమ్మ నాడు స్త్రీలు చెరువునకు పోవునప్పుడు రోడ్డంతయు వారిదే. వీరిలో ఎవరిని తప్పుపట్టుటకును మాకు మనసు రాదు. కల్లము చాలని రైతునకు నల్లని తారురోడ్డు ఎండు నేలగా కనిపించుట సహజము. ఆ రాళ్లకు తగిలి మోటారుసైకిలు మీది మనిషి పడుటయు జరుగుచున్నది. ఈ రోడ్డు మీద ఫీనిక్స్ నగరమున చదువుకొన్న కారు ఏమి చేయును? ఒకటి, కదలక నిలిచిపోవును. రెండు, నిలువవలసిన చోట నిలువదు.

రెండవది జరిగిన ఉదాహరణ లోకమునకు తెలిసినదే. 2018 మార్చి 18వ తేదీ రాత్రి, అమెరికాలోని టెంపే పట్టణమున ఉబర్ కంపెనీ పరీక్షించుచున్న కారు, సైకిలు నడిపించుకొనుచు రోడ్డు దాటుచున్న ఒక స్త్రీని ఢీకొన్నది. ఆమె మరణించినది. ఆ దేశపు రవాణా భద్రతా మండలి విచారించి 2019లో వెల్లడించిన విషయములు గమనింపదగినవి. కారు ఆమెను అయిదు సెకండ్లకు పైగా ముందే కనిపెట్టినది. కాని ఒకమారు వాహనమనియు, ఒకమారు తెలియని వస్తువనియు, ఒకమారు సైకిలనియు తలచి, మారుమారు లెక్క తిరిగి మొదలిడినది. దాటుటకు గీతలు లేని చోట మనుషులు దాటుదురను తలంపే దానికి నేర్పియుండలేదు. కారు తయారీదారు అమర్చిన అత్యవసర బ్రేకును కంపెనీవారు తమ పరీక్షల సమయమున పనిచేయకుండ చేసియుండిరి. పర్యవేక్షణకై కూర్చున్న మనిషి ఆ సమయమున టెలిఫోనులో వినోద కార్యక్రమము చూచుచుండెను. గీతలు లేని చోట దాటు మనిషి ఆ దేశమున అరుదు కావచ్చును. మా గ్రామములలో గీతలు ఉన్న చోటు ఎక్కడ?

ఆ తరువాతి కథ మరింత విచారింపదగినది. పర్యవేక్షకురాలి మీద నేరారోపణ జరిగినది. 2023లో ఆమె తప్పు ఒప్పుకొనగా మూడు సంవత్సరముల పర్యవేక్షణ శిక్ష విధించిరి. కంపెనీ మీద నేరము మోపుటకు ఆధారము లేదని అచ్చటి ప్రభుత్వ న్యాయవాది 2019లోనే నిర్ణయించెను. బ్రేకును పనిచేయకుండ చేసిన నిర్ణయము కంపెనీది. శిక్ష ఒక ఉద్యోగికి. ఇది ఎక్కడనో జరిగిన సంగతియని త్రోసివేయరాదు. మన మోటారు వాహనముల చట్టము 1988 నాటిది. బండి నడుపువాడు ఒకడు ఉండుననియు, వాని వద్ద లైసెన్సు ఉండవలెననియు తలచి వ్రాసిన చట్టమది. నడుపువాడే లేనప్పుడు బాధ్యత ఎవరిపై పడును? వెనుక సీటులో కునుకు తీయు ఆసామి మీదనా? కారు కొన్న యజమాని మీదనా? లెక్క వ్రాసిన ఇంజనీరు మీదనా?

మరల మా ఎద్దుల కడకు వత్తుము. బండివాడు నిర్భయముగా నిద్రించుటకు కారణము ఎద్దుకు దారి తెలియుట మాత్రమే కాదు. గుంత ఎదురైనప్పుడు ఎద్దు ఆగును. ఏలయన, పడినచో మొదట విరుగునది దాని కాలే. బండివాని క్షేమమును, ఎద్దు క్షేమమును ఒకే కాడికి కట్టి ఉన్నవి. బస్సు నడుపు డ్రైవరు విషయమును అంతే. ముందు సీటులో కూర్చున్నవాడు అతడే. ఆ భయమే ఇతరులకు రక్షణ. యంత్రమునకు ప్రాణభయము లేదు. దానిని పంపిన కంపెనీవారు ఆ రోడ్డు మీద లేరు. కావున యంత్రమునకు లేని ఆ భయమును కంపెనీకి కల్పింపవలసిన భారము చట్టము మీద ఉన్నది. మా ప్రసంగమునకు సారమిదియే.

ఇది అసాధ్యము కాదు. బ్రిటను 2024లో స్వయంచోదక వాహనముల చట్టము చేసికొన్నది. కారు తనంత తాను నడచుచున్నప్పుడు అది నడచిన తీరునకు, అనుమతి పొందిన సంస్థయే బాధ్యత వహింపవలెను గాని, లోపల కూర్చున్నవాడు కాదని ఆ చట్టము చెప్పుచున్నది. ఆ దేశమే 1865లో, ఆవిరి బండ్లు రోడ్డెక్కిన కాలమున, బండికి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడువవలెనని శాసించినది. 1896లో మోటారు కార్లకు ఆ నిర్బంధము తొలగినది. ఎర్రజెండా అతిజాగ్రత్తయే, అట్టిది మనకు వలదు. జెండా వలన బండి ఆగిపోవును. బాధ్యత వలన బండి ఆగదు, జాగ్రత్తగా నడచును.

దాచిపెట్టుట వలన కలుగు హాని కూడ ఈ నడుమ తెలియవచ్చినది. 2023 అక్టోబరు 2న శాన్ ఫ్రాన్సిస్కో నగరమున, మనిషి నడుపుచున్న ఒక కారు ఢీకొనగా ఎగిరిపడిన స్త్రీని, క్రూజ్ కంపెనీ డ్రైవరులేని కారు సుమారు 20 అడుగులు ఈడ్చుకొని పోయినది. మొదటి తప్పు దానిది కాదు. కాని ఈడ్చిన సంగతిని అధికారులకు తిన్నగా తెలుపలేదను కారణము మీద ఆ నెలలోనే ఆ రాష్ట్రమువారు అనుమతిని నిలిపివేసిరి. 2024 డిసెంబరులో మాతృసంస్థ జనరల్ మోటార్స్ ఆ టాక్సీ ప్రయత్నమునకే స్వస్తి చెప్పినది. తప్పు చేసినవానిని లోకము ఒకనాడు క్షమించును. తప్పును కప్పినవానిని నమ్మదు.

ఇక జీవనోపాధి మాట. కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ గారు 2017లో డ్రైవరులేని కార్లను ఈ దేశమున అనుమతింపబోమని, అవి డ్రైవర్ల పొట్ట కొట్టునని ప్రకటించిరి. 2023లోను ఆ మాటనే చెప్పిరి. ఈ మాటలోని దయను మేము గౌరవింతుము. కాని మా జిల్లావారికి ఇది సగము రక్షణయే. నిజామాబాదు జిల్లా పల్లెలనుండి ఎందరో యువకులు అప్పు చేసి గల్ఫు దేశములకు పోయి, డ్రైవర్లుగా పనిచేసి ఇంటికి డబ్బు పంపుచున్నారు. 2030 నాటికి తమ నగరములోని ప్రయాణములలో నాలుగవ వంతు డ్రైవరు లేకయే జరుగవలెనని దుబాయి ప్రభుత్వము 2016లోనే లక్ష్యము ప్రకటించినది. అబూ ధాబీలో కూడ తనంత తాను నడచు టాక్సీలు ప్రయాణికులకు అందుబాటులోనికి వచ్చినవి. ఢిల్లీలో వేసిన ఆనకట్ట దుబాయిలో వచ్చు వరదను ఆపలేదు. మేము చేయము, రానీయము అని కూర్చున్నచో, ఉద్యోగము అచ్చట పోవును, విద్య ఇచ్చట అబ్బదు. కావున నిషేధము కంటె సన్నాహము మేలు. డ్రైవరు బిడ్డకు మాత్రమే గాక డ్రైవరునకు కూడ క్రొత్త పని నేర్పు బాధ్యతలో ఈ వాహనముల వలన లాభపడువారికి వాటా ఉండవలెను.

ఇంతకును కంపెనీలు ఈ పని చేయదగునా అను ప్రశ్నకు మా జవాబు ఇది. చేయవలెను, కాని నాలుగు కట్టుబాట్లతో చేయవలెను. మొదటిది, యంత్రము నడుపుచున్నప్పుడు జరిగిన హానికి కంపెనీయే నేరుగా జవాబు చెప్పవలెను. ఒక చిన్న ఉద్యోగిని ముందుకు త్రోసి తాను వెనుక నిలువరాదు. రెండవది, ప్రతి ప్రమాదపు వివరము దాపరికము లేక ప్రజల ముందు ఉంచవలెను. మూడవది, తప్పు జరిగినను ప్రాణహాని తక్కువగా ఉండు చోట మొదలిడవలెను. కంది ప్రాంగణము అట్టిదే. పొలము కూడ అట్టిదే. అమెరికాలోని జాన్ డీర్ కంపెనీ తనంత తాను దున్ను ట్రాక్టరును 2022లో చూపినది. అచ్చటనుండి రహదారికి, అటుపిమ్మట నగరమునకు, చిట్టచివరకు పల్లె దారికి రావలెను. నాలుగవది, మా దారికి వచ్చు ముందు మా దారిని చదువవలెను. వడ్ల రాసిని, దీపము లేని ట్రాలీని, బర్రెల మందను, బతుకమ్మ ఊరేగింపును ఎరుగని కారు ఎంత తెలివిగలదైనను మాకు పరాయిదే.

కంపెనీలకు చెప్పునప్పుడు మనకును ఒక మాట చెప్పుకొనవలెను. డ్రైవరులేని కారు మా పల్లెకు ఎప్పుడు వచ్చునో గాని, ట్రాలీ వెనుక ఎర్రదీపము ఈ రాత్రియే వెలిగింపవచ్చును. రాళ్లకు బదులు మెరయు పట్టీలు అంటించిన ఖాళీ డబ్బాలు పెట్టవచ్చును. గ్రామమునకు చాలినన్ని కల్లములు కట్టించుమని పంచాయతీని, ప్రభుత్వమును అడుగవచ్చును. యంత్రమునకు సుగమమైన దారి మనిషికి కూడ సుగమమే.

ఎద్దును కొనబోవునప్పుడు మన పెద్దలు దాని కొమ్ములు, పండ్లు, సుడులు చూచెడివారు. అంతటితో ఆగక, అమ్మువాని ఊరు, పేరు, నడవడి విచారించెడివారు. ఎద్దు పొడిచినచో ఎవరి గడప తొక్కవలెనో ముందే తెలిసియుండవలెనని వారి భావము. తనంత తాను నడచు బండిని కొనబోవు కాలము వచ్చినప్పుడు, దాని అందమును, వేగమును చూచుటకు ముందు మనమును అదే ప్రశ్న అడుగుదము. జవాబు చెప్పు గడప కనిపించిన నాడు, ఆ బండిలో మనమును నిశ్చింతగా నిద్రింపవచ్చును.